పెరటి పువ్వులు, పురుగుల ఫొటోలకు ఏ పరికరం? అనంతపురం ఎండకూ గాలికీ తగిన ఎంపిక

ఇంటి పెరట్లోనో మిద్దె మీది కుండీల్లోనో పూసిన పువ్వులను, వాటి మీద వాలే పురుగులను ఫొటో తీయాలనుకునేవారు కెమెరా దుకాణంలో సాధారణంగా అడిగేది, ఈ లెన్సు ఎంత పెద్దదిగా చూపిస్తుందని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు నిజమే అయినప్పటికీ అనంతపురం వంటి ఊళ్లో ఉన్నవారికి దానితో పని తీరదు. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ నేల మీద ఎక్కువ నెలలు గాలిలో సన్నని ఎర్ర దుమ్ము ఉంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే నైరుతి గాలి జూన్ నుంచి ఆగస్టు వరకు మన మందార కొమ్మను కూడా నిలవనివ్వదు. వేసవిలోనైతే ఉదయం ఎనిమిది దాటేసరికి ఎండ ముదిరి, రేకుల మీద తెల్లని మరకలుగా పడుతుంది.

అందువల్ల ఇక్కడ పరికరాలను పోల్చేటప్పుడు పరిమాణంతో పాటు మరి కొన్ని సంగతులు చూడాలి. తీయదలచిన ప్రాణి మనల్ని ఎంత దగ్గరకు రానిస్తుంది, దాని మీద పడే వెలుగు ఎంతవరకు మన అదుపులో ఉంది, పరికరం మార్చేటప్పుడు కెమెరా లోపలికి ఎంత దుమ్ము పోతుంది అన్నవి ఆ సంగతులు. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఇప్పటికే ఏదో ఒక కెమెరా ఉన్నవారు మొదటి ఖర్చు వెలుగు మీద పెట్టాలి, లెన్సు సంగతి ఆ తర్వాత చూసుకోవాలి. పువ్వులే ప్రధానమనుకునేవారు అసలు ఏమీ కొననవసరం లేకపోవచ్చు.

ముందుగా కొలవవలసినవి

కెమెరా లోపల వెలుగును గ్రహించే పలకైన సెన్సర్ మీద పడే ప్రతిబింబం అసలు వస్తువంత పరిమాణంలో ఉంటే దాన్ని 1:1 అంటారు, నాలుగో వంతు ఉంటే 1:4, రెండింతలు ఉంటే 2:1. ఎక్కువమంది దగ్గర ఉండే, ఏపీఎస్-సీ అనే మధ్యస్థ కొలత సెన్సర్ ఉన్న కెమెరాల్లో దాని వెడల్పు 22 నుంచి 24 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి, 1:1 దగ్గర ఫ్రేములో పట్టే వస్తువు వెడల్పు కూడా అంతే. విచ్చుకున్న రెక్కమందారం అడ్డకొలత 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని ఫ్రేము నిండా చూపడానికి 1:4 చాలు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్సే (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది పెరిగేకొద్దీ దూరంలోనివి పెద్దవిగా కనిపిస్తాయి) దాదాపు 1:3 వరకు, అంటే ఏడు సెంటీమీటర్ల వెడల్పు వరకు దగ్గరగా చూపగలదు. బంతి, చామంతి, గులాబీ, నందివర్ధనం ఏవీ మాక్రో లెన్సును, అంటే 1:1 వరకు చూపేలా ప్రత్యేకంగా చేసిన లెన్సును, కోరవు. కనకాంబరం, తులసి వెన్ను వంటి చిన్న పూలకు మాత్రమే అంతకు మించిన బలం కావాలి.

పురుగుల లెక్క వేరు. రెక్కలు చాచిన నిమ్మ సీతాకోకచిలుక 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. జిల్లేడు ఆకు తిని పెరిగే నారింజరంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక దానికి కొంచెం చిన్నది. ఇవి పరిమాణంలో పువ్వులతో సమానమే, కానీ కిట్ లెన్సుతో వాటిని నింపాలంటే లెన్సు అంచు జానెడు దూరంలోకి వెళ్లాలి, అంతలోపు అవి లేచిపోతాయి. గరిక మీద వాలే చిన్న నీలి సీతాకోకచిలుకలు రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించవు. అక్షింతల పురుగు అయిదారు మిల్లీమీటర్లు, అంటే 1:1 దగ్గర కూడా అది ఫ్రేము వెడల్పులో నాలుగో వంతే ఆక్రమిస్తుంది. అది తినే పేనుబంక ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి దాని కాళ్లూ మీసాలూ స్పష్టంగా కనబడాలంటే 2:1 దాటాలి. కొనేముందు మీ పెరట్లో నిజంగా కనిపించేవాటిని ఈ కొలతలతో రాసి చూసుకుంటే, సెంటీమీటరుకు లోపలి ప్రాణులు మీకు ఎంత ముఖ్యమో మీకే తెలుస్తుంది.

లెన్సు పెట్టె మీద రాసే కనీస ఫోకస్ దూరం విషయంలో చాలామంది పొరబడతారు. ఆ దూరాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు గాని లెన్సు ముందు అంచు నుంచి కాదు. 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సుకు 30 సెంటీమీటర్లు అని ఉంటే, 1:1 దగ్గర పురుగుకూ లెన్సుకూ మధ్య మిగిలేది సుమారు 14, 15 సెంటీమీటర్లే. 60 మిల్లీమీటర్ల మాక్రోకు 20 అని ఉంటుంది, మిగిలేది 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పురుగుకు లెక్కలోకి వచ్చేది ఈ మిగిలిన దూరమే.

ఫోను ఎంతవరకు సరిపోతుంది

ఫోనును తక్కువగా చూడవలసిన పని లేదు. దాని సెన్సర్ చిన్నది కాబట్టి పెద్ద కెమెరా కన్నా లోతు ఎక్కువగా ఫోకస్‌లో ఉంటుంది. పువ్వు మొత్తం స్పష్టంగా రావాలనుకునేవారికి ఇది లాభమే. ఫోను కొనేటప్పుడు మాక్రో కెమెరా అని విడిగా రాసి ఉన్న 2 మెగాపిక్సెల్ సెన్సర్‌ను చూసి మోసపోకూడదు, అది లెక్కకు ఒక కెమెరా మాత్రమే. అల్ట్రావైడ్ కెమెరాకు ఆటోఫోకస్ ఉండి, రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ అయ్యే ఫోన్లు నిజంగా పనికొస్తాయి. ఆ సౌకర్యం లేని ఫోనుకు కొన్ని వందల రూపాయల్లో దొరికే క్లిప్ లెన్సు తగిలించవచ్చు, అయితే అంచుల్లో రంగులు విడిపోవడం, మధ్యభాగం మాత్రమే పదునుగా ఉండడం తప్పవు. పోర్ట్రెయిట్ మోడ్‌ను పురుగుల దగ్గర వాడవద్దు. వెనక భాగాన్ని మసకబరిచే ఆ లెక్కలు సీతాకోకచిలుక మీసాలను కూడా వెనక భాగమే అనుకొని చెరిపేస్తాయి.

ఫోనుకు అసలు ఇబ్బంది దూరం. రెండు సెంటీమీటర్ల దగ్గరకు పోతే ఫోను నీడే పురుగు మీద పడుతుంది. అందుచేత పారిపోని ప్రాణులను ఎంచుకోవాలి, అటువంటివి మన ఇళ్లలో తక్కువేమీ కాదు. కరివేపాకు చెట్టునే తీసుకోండి. నిమ్మ సీతాకోకచిలుక లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా గుండ్రని లేతపసుపు గుడ్లు పెడుతుంది. అందులోంచి వచ్చే గొంగళిపురుగు మొదటి దశల్లో నలుపు తెలుపు మచ్చలతో అచ్చం పిట్ట రెట్టను పోలి ఉండి, చివరి దశలో ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. సన్నని పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ ఎరుపు కలిసిన రెండు కొమ్ముల అవయవాన్ని బయటికి చాచి, ఘాటైన వాసన వదులుతుంది. కొన్ని క్షణాల్లోనే దాన్ని లోపలికి లాక్కుంటుంది కాబట్టి ఫోనును ముందుగా ఫోకస్ చేసి, వరుసగా తీసే పద్ధతిలో పెట్టుకోవాలి. ఒకసారి తీశాక దాన్ని వదిలేయడం మంచిది, మాటిమాటికీ కదిలిస్తే దాని మేతకు అంతరాయం కలుగుతుంది.

ఆరుద్ర పురుగుల దగ్గరైతే ఫోను పెద్ద కెమెరాను సునాయాసంగా ఓడిస్తుంది. జూన్ మూడో వారం తర్వాత తొలి వానలకు ఎర్రనేలలో బయటపడే ఈ మఖమలు ఎరుపు ప్రాణులకు ఎనిమిది కాళ్లు ఉంటాయి, కాబట్టి శాస్త్రం ప్రకారం ఇవి కీటకాలు కావు, సాలీళ్లకు దగ్గరి బంధువులు. ఇవి నెమ్మదిగా నడుస్తాయి, నేల మీదే ఉంటాయి కాబట్టి ఆ నెలల గాలి వీటిని కదిలించదు. ఫోనును తలకిందులుగా పట్టుకొని కెమెరాను మట్టికి ఆనించి తీస్తే వాటి కంటి ఎత్తు నుంచి దృశ్యం వస్తుంది. మూడు కిలోల సంచితో వచ్చినవారు ఆ కోణం కోసం బురదలో పడుకోవాలి.

కెమెరా ఉన్నవారి ముందున్న దారులు

ఇక్కడ నాలుగు దారులు ఉన్నాయి, కాని నాలుగూ సమానం కావు.

అన్నిటికన్నా చవక అయినది కిట్ లెన్సును రివర్స్ రింగుతో తిరగేసి బిగించడం. 18 మిల్లీమీటర్ల దగ్గర పెడితే ప్రతిబింబం అసలు వస్తువుకు మూడింతలు దాటవచ్చు, అంత బలం వేరే మార్గంలో కొనాలంటే చాలా ఖర్చు. అయితే పురుగుకూ లెన్సుకూ మధ్య దూరం నాలుగైదు సెంటీమీటర్లకు మించదు, ఆటోఫోకస్ ఉండదు, అపెర్చర్ (లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రం) కెమెరా నుంచి నడవదు. పాతకాలపు అపెర్చర్ రింగు ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్సు అయితే చేత్తో తిప్పుకోవచ్చు. వీటన్నిటికన్నా నన్ను ఆపేది మరొకటి. తిరగేసినప్పుడు లెన్సు వెనకభాగం, కెమెరాతో విద్యుత్ సంబంధం కలిపే లోహపు కాంటాక్టులతో సహా, బయటి గాలికి తెరుచుకొని ఉంటుంది. మన ఊరి దుమ్ములో దాన్ని పెరట్లో తిప్పడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో బల్ల మీద రాలిన పువ్వులను, చనిపోయి దొరికిన పురుగులను తీయడానికి మాత్రం ఇది చక్కని సాధనం.

ఎక్స్‌టెన్షన్ ట్యూబుల్లో గాజు ఉండదు, అవి కెమెరాకూ లెన్సుకూ మధ్య ఖాళీని పెంచే గొట్టాలు మాత్రమే. లెక్క సులభం: గొట్టం పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే వచ్చేదే అదనపు పరిమాణం. 12, 20, 36 మిల్లీమీటర్ల మూడు గొట్టాలూ కలిపి 50 మిల్లీమీటర్ల లెన్సుకు తగిలిస్తే 1.36 రెట్లు వస్తుంది. అదే మూడింటినీ 200 మిల్లీమీటర్ల జూమ్‌కు తగిలిస్తే మూడో వంతే కలుస్తుంది. కాబట్టి ట్యూబులు చిన్న లెన్సుకే లాభం, చిన్న లెన్సుతో దూరం 10 సెంటీమీటర్లకు బాగా లోపలికి పడిపోతుంది. కొనేవారు ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్నవే కొనాలి, లేనివాటితో అపెర్చర్ మార్చడం కుదరదు. పరిమాణం మారిన ప్రతిసారీ లెన్సు విప్పాలి, విప్పిన ప్రతిసారీ సెన్సర్ మీదికి దుమ్ము చేరుతుంది. అది మసక నేపథ్యం మీద నల్లని చుక్కలుగా ప్రతి ఫొటోలోనూ కనిపిస్తుంది. కోస్తాలోని మిత్రులు ట్యూబులను మెచ్చుకుంటే నేను కాదనను, ఇక్కడ మాత్రం సిఫారసు చేయను.

మూడో దారి నాకు అన్నిటికన్నా నచ్చినది: 55-200 లేదా 55-250 వంటి సాధారణ జూమ్ లెన్సు ముందు, భూతద్దంలా పనిచేసే క్లోజప్ లెన్సు తగిలించడం. మొదట ఆ జూమ్ ఒక్కదాని విలువ చూడండి. ఇటువంటి జూమ్‌లు మీటరు దూరంలో నిలబడే దాదాపు 1:4 వరకు చూపిస్తాయి. ఎండలో చురుగ్గా ఉన్న సీతాకోకచిలుకకూ తొట్టి అంచున వాలిన తూనీగకూ ఇది సరైన దూరం, 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఈ సుఖం ఇవ్వదు. చిన్న పురుగు కనిపించినప్పుడు ముందు క్లోజప్ లెన్సు తగిలిస్తే చాలు, కెమెరా తెరవనక్కరలేదు. దీని బలాన్ని డయాప్టర్లలో చెబుతారు. ఫోకల్ లెంగ్త్‌ను డయాప్టర్‌తో గుణించి 1000తో భాగిస్తే పరిమాణం తెలుస్తుంది. ఉదాహరణకు రేనాక్స్ డీసీఆర్-150 బలం 4.8 డయాప్టర్లు. 200 మిల్లీమీటర్ల దగ్గర అది దాదాపు 1:1 ఇస్తుంది, అదీ 20 సెంటీమీటర్ల దూరం నుంచి, అంటే చాలా ఖరీదైన 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు కన్నా ఎక్కువ దూరం నుంచి. అదే సంస్థ డీసీఆర్-250 బలం 8 డయాప్టర్లు. 200 దగ్గర 1.6 రెట్లు వస్తుంది, దూరం 12 సెంటీమీటర్లకు తగ్గుతుంది. రెండూ 52 నుంచి 67 మిల్లీమీటర్ల ఫిల్టర్ కొలతల లెన్సులకు చెవుల్లాంటి క్లిప్పులతో పట్టుకుంటాయి. మొదటిసారి కొనేవారు తక్కువ బలం ఉన్నదే తీసుకోవాలని నా సలహా, బలం పెరిగేకొద్దీ ఫోకస్ దొరకబుచ్చుకోవడమే కష్టమవుతుంది. నాలుగు ఫిల్టర్లు ఒకే పెట్టెలో చవకగా అమ్మే ఒంటి గాజు క్లోజప్ ఫిల్టర్లు ఇవి కావు. వాటితో పువ్వులు పరవాలేదు గాని, పురుగు అంచుల చుట్టూ ఊదా, ఆకుపచ్చ గీతలు వస్తాయి.

ఇక మాక్రో లెన్సు. పదును, ఆటోఫోకస్, దూరం నుంచి 1:1 వరకు ఎక్కడా ఆగకుండా వెళ్లే సౌలభ్యం దీనికే సొంతం, ధర మాత్రం పదివేల రూపాయల లెక్కల్లో ఉంటుంది. పురుగుల కోసమైతే 90 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య కొనాలి. 60 మిల్లీమీటర్లది పువ్వులకు బాగుంటుంది, కాని పువ్వులకు మాక్రో అవసరమే తక్కువని పైన చూశాం. 150, 180 మిల్లీమీటర్లవి దూరం ఇస్తాయి, అయితే బరువు వల్ల చేతితో పట్టడం కష్టం. ఈ గాలిలో ట్రైపాడ్ మీద పెట్టినా కదిలేది పువ్వే కాబట్టి పెద్దగా ప్రయోజనం లేదు.

వెలుగు

1:1 దగ్గర అపెర్చర్ ఎఫ్/11 పెట్టినా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, లోతు పెరుగుతుంది) ఫోకస్‌లో ఉండే లోతు ఒక మిల్లీమీటరుకు లోపే. పైగా అంత దగ్గరలో లెన్సు చేరవేసే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, ఎఫ్/11 నిజానికి ఎఫ్/22 లాగా పనిచేస్తుంది. ముందు తగిలించే క్లోజప్ లెన్సులో ఈ నష్టం దాదాపు ఉండదు, అది దాని పక్షాన మరో మాట. ఏ దారి ఎంచుకున్నా కొమ్మ ఒక మిల్లీమీటరు ఊగితే పురుగు ఫోకస్ దాటిపోతుంది. షట్టర్ స్పీడు పెంచితే వెలుగు చాలదు, అపెర్చర్ తెరిస్తే లోతు చాలదు. ఈ చిక్కు విప్పేది ఫ్లాష్ మాత్రమే. బయట తగిలించే సాధారణ ఫ్లాష్‌ను పదహారో వంతు బలం దగ్గర పెడితే దాని మెరుపు సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే ఉంటుంది. షట్టర్ 1/200 సెకను, అపెర్చర్ ఎఫ్/11, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200 వద్ద నీడలో ఉన్న పురుగు మీద ఫ్లాష్ వెలుగే ప్రధానం అవుతుంది కాబట్టి, ఆ మెరుపు వ్యవధే నిజమైన షట్టర్ స్పీడు.

నేరుగా పడిన ఫ్లాష్ అక్షింతల పురుగు వీపు మీద కళ్లు చెదిరే తెల్లచుక్కను మిగులుస్తుంది. అందుకే ఫ్లాష్‌కు డిఫ్యూజర్, అంటే వెలుగును మెత్తబరిచే తెర, అవసరం. దర్జీలు వాడే తెల్ల లైనింగ్ గుడ్డనో బటర్ పేపరునో తీగ చట్రానికి సాగదీసి కట్టి, లెన్సు కొసకు పైగా పురుగు మీదికి వంగేలా పెడితే సరిపోతుంది. గుడ్డ ఎంత పెద్దదిగా, పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే నీడలు అంత మెత్తగా వస్తాయి. రింగ్ ఫ్లాష్ మెరిసే పెంకుపురుగుల మీద గాజు వలయంలా ప్రతిఫలిస్తుంది, నాకు అది నచ్చదు. లెన్సు చుట్టూ తగిలించే ఎల్ఈడీ దీపాలు వీడియోకు పనికొస్తాయి గాని, ఊగే కొమ్మను ఆపేంత బలం వాటికి ఉండదు. లెన్సుకు రెండు పక్కలా ఉండే జంట ఫ్లాష్ మేలైనదే, కాని దాని ధరకు ఒక మంచి లెన్సు వస్తుంది.

పువ్వులకు ఇంత హంగామా అక్కరలేదు. కుండీని జరపగలగడమే ఇంటి తోటలో ఉన్న గొప్ప సౌకర్యం, దాన్ని సున్నం కొట్టిన గోడకు మీటరు దూరంలో, గాలికి చాటుగా పెడితే గోడే వెలుగును మెత్తగా వెనక్కి పంపుతుంది. కడప బండలు పరిచిన నల్లని వాకిళ్లలో కింది నుంచి వెలుగు రాదు, అక్కడ తెల్ల పంచె ఒకటి మడిచి నీడవైపు నేల మీద పరచండి. కాడ ఊగకుండా వెదురుపుల్లకు కట్టిన బట్టల క్లిప్పుతో పట్టించవచ్చు. ఎర్రమందారాన్ని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను (కెమెరాలోని +/- సర్దుబాటుతో) ఒక స్టాపులో రెండు మూడో వంతులు తగ్గించాలి, లేకపోతే ఎరుపు నిండిపోయి రేకు మీది ఈనెలు మాయమవుతాయి. నందివర్ధనానికి దీనికి విరుద్ధంగా కొంచెం పెంచాలి, లేకపోతే తెలుపు బూడిదరంగులోకి దిగుతుంది.

వేళ విషయంలో పువ్వుకూ పురుగుకూ పొత్తు కుదరదు. గడ్డిగులాబీ ఎండ ముదిరాక గాని విచ్చుకోదు, చంద్రకాంత సాయంత్రం పూస్తుంది. పురుగులు మాత్రం సూర్యోదయానికి ముందు, ఒళ్లు వేడెక్కక కదలకుండా ఉంటాయి. సంక్రాంతి ముందరి చలి ఉదయాల్లో కిట్ లెన్సుతో కూడా తూనీగను ఫ్రేము నిండా పట్టవచ్చు. ఫ్లాష్ కొనలేనివారికి సెప్టెంబరు నుంచి నవంబరు వరకు, గాలి తగ్గి వానలకు చెట్లు చిగురించిన కాలమే అన్నిటికన్నా అనువైనది.

ఎవరికి ఏది

పువ్వులు, గొంగళిపురుగులు, ఆరుద్ర పురుగులు చాలనుకునేవారు ఉన్న ఫోనుతోనే కొనసాగాలి, మహా అయితే ఒక క్లిప్ లెన్సు. కెమెరా, జూమ్ ఉన్నవారు ముందు ఫ్లాష్ కొని డిఫ్యూజర్ చేసుకోవాలి, తర్వాత 4.8 డయాప్టర్ల క్లోజప్ లెన్సు తీసుకోవాలి. కిట్ లెన్సు మాత్రమే ఉన్నవారికి మాక్రో కన్నా ముందు వాడిన జూమ్ ఒకటి మేలు, ఎందుకంటే అది ఇంటి పెళ్లిలోనూ పనికొస్తుంది. మిల్లీమీటర్ల లోకమే తమ లోకమని ఒక ఏడాది తర్వాత కూడా అనిపించినవారికి మాక్రో లెన్సు సరైన ఖర్చు.

మాక్రో లెన్సును వాడినదే కొనవచ్చు, ఈ లెన్సుల రూపకల్పన త్వరగా పాతబడదు. అయితే అది ఎక్కడి నుంచి వస్తున్నదో అడగండి. మన పొడి గాలిలో లెన్సుకు బూజు పట్టడం అరుదు, తేమ ఎక్కువగా ఉండే సముద్రతీర నగరాల నుంచి వచ్చినవాటిలో అది తరచుగా ఉంటుంది. వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూస్తే సాలెగూడు పోగుల్లాంటి తెల్లని చారలు కనబడతాయి, అలా కనబడితే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. స్థానికంగా వాడిన లెన్సు అయితే ఫోకస్ రింగును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకొని వినండి. లోపల ఇసుక ఉంటే రింగు తిరిగినంతసేపూ గరగర వినిపిస్తుంది.